శనివారం కొండ

లోపల గడియ పడిన చప్పుడు. ఆ తరువాతే ఎస్తేరమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా మూసిన తలుపు. తలుపుకు అడ్డంగా, గడప మీద వల పరుచుకుని కూర్చున్న చిన్నోడు.

"వదిన రాదు. పోండి," అన్నాడతను, వల కుట్టే సూది ఆపకుండానే.

"ఒక్క మాటన్నా," అంది సుప్రియ. నెల్లూరు నుంచి వెంట వచ్చిన లాయరు పిల్ల ఆమె; మైపాడు ఎండకు మొహం కందిపోయింది. "ఈమె కొడుకు దావీదు ఉరి ఆపమని రాష్ట్రపతికి అర్జీ పెడుతున్నాం. ఇంక వేరే కోర్టు లేదు. చనిపోయినాయన భార్యే దయ చూపమంటే ఆ మాటకు బరువుంటుంది."

"మా అన్ననూ, మా పెద్దమ్మనూ ఒకే కత్తితో పొడిచినోడికి దయా? బలే చెప్పినావు తల్లీ! కోర్టులో జడ్జిగారు వదిననే అడగలా, అన్న ఆఖర్న ఎవుర్ని పిలిచినాడని? దావీదునా అంటే తలూపింది. ఇంకేం కావాల?"

"సరే, వద్దన్నది మీరని రాసుకుంటాను. మీ పేరు?"

అతను నవ్వాడు. "రాసుకో. అన్న పేరే నాదీ, మాలకొండయ్య. తాత పేరని మా పెదనాయన ఆయన కొడుక్కీ, మా నాయన నాకూ పెట్టినారు. అందుకే ఊరికి నేను చిన్నోణ్ణి. మొగుడి పేరని పాపం వదిన నన్ను గూడా పేరు పెట్టి పిలవదు. మాలకొండ గుడి శనివారమే తెరుస్తారు గదా, ఆ దేవుడికి మొక్కుకున్నా మాలకొండ అనదు, శనివారం కొండ అంటాది!"

ఇసుకలో నిలిపిన బోటు మీద కొత్త నీలిరంగు ఆరుతోంది. ఒకప్పుడది అన్నది, దాని మీదే దావీదు వేటకు పోయేవాడు. ఇప్పుడది చిన్నోడిది. అన్న పోయిన నాటి నుంచి వదినకు కాపలాగా అతను కూర్చునేదీ ఈ గడప మీదే. ఎంత మంచి మరిదో అని ఊరంతా అంటుంది.

ఎస్తేరమ్మ గోడ వారగా కూలబడింది. చెంప తలుపుకు ఆనించింది.

"శేషమ్మా, నేను అడిగేదానికి రాలేదు. దండం పెట్టి పోదామని వచ్చినా. నా బిడ్డ చేతులు కట్టేసి వీధెమ్మట నడిపించిన రోజున అందురూ మన్నెత్తి పోసినారు. ఇంట్లో రెండు శవాలు పెట్టుకోని, నువ్వొక్కదానివి చెంబుతో నీళ్లు తెచ్చి వాడి నోట్లో పోసినావు. జైలుకు పోయినప్పుడల్లా వాడు అదే చెప్తాడు. 'అమ్మా, ఆ నీళ్లు ఇంకా నా గొంతులోనే ఉండాయి, వదినమ్మకు నా దండాలు చెప్పు' అంటాడు. నువ్వు తలుపు తియ్యవు. నేనెట్ట చెప్పేది? అందుకే ఈ పొద్దు తలుపుకే చెప్తన్నా."

బయట అలల హోరు.

"ఆదివారం గుళ్లో పాస్టరయ్య, ఎవురి కోసం ప్రార్థన చెయ్యాలమ్మా అని అడుగుతాడు. నా బిడ్డ పేరు తర్వాత. ముందు నీ పేరే. వెంకటశేషమ్మ అని, అందురికీ ఇనపడేట్టు, గట్టిగా చెప్తా. అంతే తల్లీ. పోయొస్తా."

ఆమె మోకాళ్ల మీద చేతులు మోపి లేవబోయింది.

గడియ మళ్లీ చప్పుడయింది.

తలుపు తెరుచుకుని వెంకటశేషమ్మ నిలబడింది. కొంగు నుదుటి దాకా ఉంది. "నా పేరా? ముందా?"

"నీదే తల్లీ."

"పెద్దోడి పెళ్లామనే గానీ, నాకొక పేరుందని ఈ ఊళ్లో ఎవురికి తెలుసు!" అంటూ ఆమె సుప్రియ వైపు తిరిగింది. "ఏలిముద్ర యాడ వెయ్యాల పాపా?"

ఎస్తేరమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్ల నుంచి జారిన నీరు ఆ చేతుల మీదే పడింది. వేలిముద్ర పడింది, కాగితం మీద ఆ నల్లని మరక ఆమెకు వెన్నెల ముద్దలా కనిపించింది. "దేవుడు నిన్ను చల్లగా చూడాల," అని ఆమె పాదాలు తాకబోతే, వెంకటశేషమ్మ భుజాలు పట్టి ఆపింది.

చిన్నోడు సూది పక్కన పెట్టి, ఒళ్లు విరుచుకుని లేచాడు. "సర్లే. వదిన మనసు వెన్న. బతకనీ పాపం, జైల్లోనే పడుంటాడు. ఇంక లోపలికి పో వదినా, ఎండ."

వెంకటశేషమ్మ కదలలేదు.

"దయ చూపాల్సింది తప్పు చేసినోడికి గదా అక్కా," అంది ఎస్తేరమ్మతో. "నీ కొడుక్కెందుకు?"

సుప్రియ చేతిలో కలం ఆగింది. "అంటే? కోర్టులో మీరు తలూపారు కదమ్మా?"

"ఊపలా. వంచుకున్నా. ఆయన పొడిచేవోణ్ణి పేరు పెట్టి పిలిచి 'వద్దురా' అని అరిచినాడు, పొయ్యికాడుండి నేనిన్నా. ఆ పేరేందో చెప్పమన్నారు. నా నోట రాలా, ఏడుపొచ్చింది. దావీదునా అన్నారు. తల వంచుకుంటే అవుననుకున్నారు. మళ్లీ ఎవురూ అడగలా. అడిగేదానికి వచ్చినోళ్లకు గడప మీదే అడ్డం."

"వదినా!" అన్నాడు చిన్నోడు.

"నేనడుగుతుండా," అంది ఎస్తేరమ్మ. "ఎవుర్ని పిలిచినాడు తల్లీ?"

సముద్రపు గాలికి వెంకటశేషమ్మ తల మీది కొంగు జారింది. ఆమె సర్దుకోలేదు. ఒక చేత్తో ఎస్తేరమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది. మెడలో తాళి పడిన నాటి నుంచి పెదవి దాటనివ్వని పేరును, మరిది కళ్లలోకి సూటిగా చూస్తూ, వీధంతా వినేలా పలికింది.

"మాలకొండయ్యని."