మిగిలిన వార్నిష్

రెండు డబ్బాలూ మూతలు తీసి ఉన్నాయి. ఒకదాంట్లో రంగులేని వార్నిష్. రెండోదాంట్లో ముదురు గోధుమరంగుది.

"ముదురుదే కొట్టు లచ్చన్నా. వైజాగ్ నుంచి తెప్పించాను. మన ఊళ్ళో ఏ కొట్లోనూ దొరకదు" అన్నాడు దయాకర్ బాబు.

"వద్దు బాబూ" అంది వెనక నుంచి ఎవరో.

తిరిగి చూశాడు. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడింది ఓ ముసలావిడ. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"రంగులేందే కొట్టించండి బాబూ. మంచి టేకు. సెక్క గీతలు కనబడితేనే అందం."

దయాకర్ బాబుకి ఒళ్ళు మండింది. నర్సీపట్నంలో ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ. ఆ చర్చిలో అయితే అసలు లేరు. సంఘం కార్యదర్శి ఆయనే. పాస్టరు గారు ఊళ్ళో లేని ఆదివారాలు ప్రసంగమూ ఆయనదే.

ప్రసంగం చెప్పేచోట పాత సిమెంటు గట్టు పెచ్చులూడిపోయి, పాస్టరు గారు ఓసారి జారిపడ్డారు. అందుకని దాని మీద మంచమంత చెక్క వేదిక కట్టిస్తున్నారు. టేకు పలకలు ఎవరో ఉచితంగా ఇచ్చారు. పేరు బయటికి రాకూడదన్నారట. వడ్రంగి లచ్చన్న ఆటోలో వేసుకొచ్చి దింపాడు. ఎవరని ఎంత అడిగినా పెదవి విప్పలేదు.

ఇచ్చింది దయాకర్ బాబే అయ్యుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఉత్తినే వచ్చే పేరు ఎవరికి చేదు!

"ఏ ఊరమ్మా నీది?"

"నాతవరం అవతల బాబూ. షేరాటోలో వచ్చాను."

"మరి మా వేదిక సంగతి నీకెందుకు?"

ఆవిడ లచ్చన్న వైపు చూసింది. లచ్చన్న తల వంచుకుని డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతున్నాడు.

"ఊరికే బాబూ. ఓపాలి సూసెల్దామని."

లచ్చన్న ముదురు రంగే పట్టించాడు. పలక తర్వాత పలక నల్లబడుతుంటే, ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆఖరి పలక మిగిలింది.

"బాబూ, ఆ ఒక్క పలకా నన్ను కొట్టనివ్వండి. నా సేత్తో. మరేటీ అడగను."

"ఇదేమన్నా మీ ఇంటి అరుగనుకున్నావా? ఎల్లుండే ప్రతిష్ఠ. వైజాగ్ నుంచి పెద్దలొస్తున్నారు. బేగి బయటికి నడు."

ఆవిడ నడవలేదు. లచ్చన్న ఆ పలక కూడా పూర్తి చేసేదాకా ఆగింది. అప్పుడు వంగి, తడి వార్నిష్ మీద అరచెయ్యి ఆనించింది. నిద్రపోతున్న పిల్ల నుదురు ముట్టుకున్నంత మెల్లగా.

"మతి ఉందా నీకు?" దయాకర్ బాబు అరిచాడు.

అప్పటికే అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"లచ్చన్నా, ముందు ఈవిడ్ని పంపించు. ఆరాక ఉప్పుకాగితం పెట్టి ఆ అచ్చు గీకెయ్. గుర్తు కూడా మిగలకూడదు."

లచ్చన్న ఏదో అనబోయాడు. ముసలావిడ వద్దన్నట్టు తల ఊపింది. చేతికంటిన రంగు కొంగుకి తుడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది.

లచ్చన్న అచ్చు గీకాడు. మళ్ళీ పూత వేశాడు. గుర్తు మిగల్లేదు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. తళతళలాడే వేదిక మీద నిలబడి, రహస్యంగా చేసే దానం ఎంత గొప్పదో దయాకర్ బాబు వివరంగా చెప్పాడు. జనం ఆయన్నే చూస్తూ తలలూపారు. సిగ్గుపడాల్సిన మనిషి శాలువా కప్పించుకున్నాడు.

వానలు మొదలయ్యాక నాతవరం అవతల పల్లె నుంచి కబురొచ్చింది. సువర్ణమ్మ అనే విశ్వాసి పోయింది. అక్కడి చిన్న సంఘం ఈ చర్చి కిందదే. పాస్టరు గారికి జ్వరం. భూస్థాపన ప్రార్థనకి దయాకర్ బాబు వెళ్ళాడు.

ముఖం చూడగానే గుర్తుపట్టాడు. ఆ ముసలావిడే. అయ్యో అని కూడా అనిపించలేదు ఆయనకి. వాన పెరగకముందే బయల్దేరాలనుకున్నాడు.

అప్పుడు చూశాడు శవపెట్టెని.

పాత పేకింగ్ పెట్టెలు విప్పి చేసింది. మేకు కొట్టిన చోటల్లా చెక్క చీలింది. పైన రంగు పూసినా, పక్క పలక మీద ఇంగ్లీషు అక్షరాలూ, పైకి చూపించే బాణం గుర్తూ కనబడుతూనే ఉన్నాయి.

"ఇదేం పెట్టె లచ్చన్నా? నాలుగు పారల మట్టి పడితే కూలిపోతుంది."

పెట్టె చేసిన లచ్చన్న, చీలిన చోట ఇంకో మేకు పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాడు.

"మన పెద్దవాళ్ళు పెట్టె కోసం చెక్క ముందే చూసి ఉంచుకుంటారు కదా. ఈవిడ ఆ మాత్రం దాచుకోలేదా?"



దయాకర్ బాబు వంగి ఆ రంగు చూశాడు. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఇది మన చర్చి వార్నిష్ కదూ? మిగిలింది నువ్వు ఎత్తుకొచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఎత్తుకొచ్చాను బాబుగారూ. ఆ రాతలు కప్పడిపోతాయేమోనని" అన్నాడు లచ్చన్న. "బతికుండగా పేరు సెప్పనని ఈవిడకి మాటిచ్చాను. ఇంక దాపరికమేటి? వార్నిష్ సంఘానిదే. మీరెక్కి ప్రసంగం సెప్తన్న టేకు మాత్రం, ఈవిడ తన పెట్టెకని ఇన్నేళ్ళూ అటక మీద దాసుకున్నది."