అరగని టైర్లు

"ఇవి టైర్లా బావా? కాల్చిన వంకాయలు నయం," అన్నాడు రాతోమిర్, హంజా దుకాణంలో గోడవార పేర్చిన పాత చలికాలపు టైర్లను బూటు కాలితో తన్ని చూస్తూ.

అతని బావ విదోయె జేబులోని నోట్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. రిటైరైన పోస్ట్‌మన్‌కు వచ్చే పింఛనుతో కొత్తవి కొనడం అయ్యే పని కాదు. కొనకుండా ఉండడం అంతకన్నా అయ్యే పని కాదు. కూతురు స్తమెనకు నెలలు నిండాయి. అల్లుడు లారీ వేసుకుని ఆస్ట్రియా పోయాడు. కడుపులో బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలవగానే కనుమ దాటించి నోవి పజార్ ఆసుపత్రికి తీసుకుపోవాలనీ డాక్టరు చెప్పాడు. పెష్టర్ పీఠభూమిలో నవంబరు దాటిందంటే కోడి పెట్టిన గుడ్డుతో గోడకు మేకు కొట్టుకోవచ్చు. విదోయె పాత ఎర్ర కారుకేమో ఇంకా మంచు మీద జారిపోయే వేసవి టైర్లే.

హంజా ఒక టైరు గాడిలో నాణెం నిలబెట్టాడు. "చూడు పెద్దాయనా, సగం మునిగింది. రెండు చలికాలాలకు ఢోకా లేదు."

"నాణెం పెట్టి కొలుచుకునేది బిచ్చగాళ్ళు," అన్నాడు రాతోమిర్. "నా టైర్లలో పెడితే ఆ నాణెం మళ్ళీ దొరకదు. జర్మనీ సరుకు. కొని మూడేళ్ళు. వెంట్రుకవాసి అరిగిందేమో చూపించు, మీసం తీయించుకుంటాను. మీద అంటించిన పేరు కాగితం కూడా ఊడలేదు."

"కాగితం కూడానా?"

"చూసుకునేవాడి చేతిలో ఉంటే అంతే. ప్రతి ఆదివారం మెత్తటి గుడ్డతో తుడుస్తాను."

"మూడేళ్ళలో ఒక్కసారి కూడా జారలేదా?"

"అంగుళం కదిలితే ఒట్టు."

"మరి ఎవరు బిగించారు? నేనైతే కాదు."

"నీ చేతికిస్తానా? గంధం వాసన గాడిదకేం తెలుసు."

హంజా నవ్వుకుని స్పానరు తీసుకున్నాడు. ఈ ఊళ్ళో రాతోమిర్ సంగతి తెలియనిదెవరికి? ముప్పై ఏళ్ళు పురపాలక కార్యాలయంలో కాగితాల మీద ముద్రలు గుద్దాడు. తనకు తగిన పిల్ల ఈ పీఠభూమి మీద పుట్టలేదని పెళ్ళి మానుకున్నాడు. ఇంట్లో అతిథుల గది ఒకటుంది. తనకు తగిన అతిథి కూడా ఇంకా పుట్టలేదు కాబట్టి దానికి ఎప్పుడూ తాళమే. రోడ్డుకు దగ్గరని విదోయె కుటుంబం అతని ఇంట్లోనే దిగింది. నిండు చూలాలికి వంటింటి సోఫా ఇచ్చాడు. అదీ ప్లాస్టిక్ కవరు తియ్యకుండా. పిల్ల ఎటు ఒత్తిగిల్లినా కరకరమని చప్పుడు.

"ఆ గదిలో మంచం ఉంది కదరా," అని అడిగి చూసింది అతని అక్క కోసార.

"అది అతిథులకక్కా. ఇంట్లోవాళ్ళకు కాదు," అన్నాడు.

నాలుగు వంకాయలూ ఎర్ర కారెక్కాయి. అయినా రాతోమిర్ నోరు ఊరుకోలేదు. "వీటి మీద నా మేనకోడలు వెళ్ళడానికి వీల్లేదు బావా. నొప్పులొస్తే నా కారులోనే. నీది వెనకాల రానీ, సంచులు మొయ్యడానికి."

"వాడిదే మంచి బండి," అంది కోసార కూడా. విదోయె తల దించుకున్నాడు.

మూడో రోజు పొద్దున్న మోకాలి లోతు మంచులో తెల్లవారింది. కాఫీ దించేసరికి స్తమెన సోఫా అంచు పట్టుకుని వంగిపోయింది.

"కారు తియ్యరా," అంది కోసార.

రాతోమిర్ కిటికీలోంచి చూశాడు. మొహం పాలిపోయింది. "కాస్త తగ్గనీ అక్కా. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, మంచి బండికి ఉప్పు పడదు."

"బిడ్డకు చెప్పనా, కాస్త ఆగమని? నీ మాటలన్నీ హంజా కొట్లోనే అయిపోయాయా?"

ఇక తప్పలేదు. తల్లీ కూతుళ్ళు రాతోమిర్ పెద్ద కారెక్కారు. విదోయె సంచులు వేసుకుని వెనక బయలుదేరాడు.

ఊరు దాటగానే మొదటి ఎత్తు. పెద్ద కారు సగం ఎక్కి ఆగింది. ఆలోచించింది. తర్వాత, అత్తారింటి నుంచి అలిగి వెళ్ళిపోయే అల్లుడిలా మెల్లగా వెనక్కి నడిచి పక్క గోతిలో కూర్చుంది. దెబ్బలేం తగల్లేదు. స్తమెన కేక మాత్రం కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది.

విదోయె బండి ఆపి దిగాడు. కూతుర్ని ఎత్తుకుని తన కారులో పడుకోబెట్టాడు, భార్యను ఎక్కించుకున్నాడు. కాల్చిన వంకాయలు మంచును కరిచి పట్టి కనుమ ఎక్కేశాయి.

"రోడ్డే రోడ్డు కాదు, ఉప్పు చల్లని వెధవలు," అని వెనక రాతోమిర్ అరుస్తూనే ఉన్నాడు.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నాడు డాక్టరు.

వారం తర్వాత వాళ్ళు తిరిగొచ్చేసరికి రాతోమిర్ ఇంట్లో లేడు. రోడ్డు మీద మూడో ఫిర్యాదు రాసివ్వడానికి పురపాలక కార్యాలయానికి వెళ్ళాడు. కారు ఇంకా గోతిలోనే ఉంది. హంజా లాగిపెడతానంటే దాని దగ్గరికే రానివ్వలేదట.

బాలింత మళ్ళీ ఆ ప్లాస్టిక్ సోఫా మీద కూర్చోబోయింది. కరకరమంది. పసిది ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"చాల్లే," అంది కోసార. తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఏదైనా దాచేది సెయింట్ నికోలా పటం వెనకే. చెయ్యి పెడితే తాళంచెవి దొరికింది.

"అది అతిథులకన్నాడు కదే," అన్నాడు విదోయె.

"ఈ పిల్లను మించిన అతిథి ఎవరొస్తారట?"

తలుపు తెరుచుకుంది. గది వెచ్చగా ఉంది, మూల కట్టెల స్టవ్ వెలుగుతోంది. మంచం మీద ఎవరో పడుకున్నట్టు ఉన్ని దుప్పటి ఎత్తుగా ఉంది. కోసార దగ్గరికెళ్ళి దుప్పటి లాగింది.

పేరు కాగితాలైనా ఊడని నాలుగు చలికాలపు టైర్లు.