రోజుకో మాట

“మీ నాన్నగారు ఒక్కసారి వచ్చి పొమ్మంటున్నారమ్మా.”

కోర్టు టైపిస్టు తలెత్తింది. ఎవరో పెద్దాయన. నలిగిన చొక్కా, చేతి మీద సెలైన్ సూది తీసిన చోట ప్లాస్టరు.

సాక్షి దగ్గితే ఆ దగ్గు కూడా టైపు చేసే రకం ఆవిడ. తోటివాళ్ళు ‘పొల్లుపోదు’ అని పేరు పెట్టారు.

“పదకొండేళ్ళ క్రితం ‘చచ్చినా నీ మొహం చూడను’ అన్నారు. నా చెవులతో విన్నాను. ఇప్పుడేమన్నారు? ఆయన అన్నది అన్నట్టు చెప్పండి.”

“చెప్పాను కదమ్మా. ఒక్కసారి వచ్చి పొమ్మన్నారు. ఎన్నో రోజులు ఉండరు.”

“ఇంతకీ మీరెవరు?” మెషీన్లోకి కాగితం ఎక్కిస్తూ, తల వంచుకునే అడిగింది.

ఆయన జవాబు చెప్పలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. “ఆ రోజు నోరు జారానన్నారమ్మా.”

“ఆయనా? జన్మలో అనరు.” ఆవిడ కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. “మీ ఎదురుగానే అన్నారా?”

మళ్ళీ మౌనమే. నిలదీస్తే నోరు పెగలని దొంగసాక్షుల్ని ఆవిడ బోలెడుమందిని చూసింది.

మూడోరోజు, “ఇంకా ఆ కుడికణత నొప్పి వస్తోందా అని అడిగారు,” అన్నాడు.

టైపు చేస్తున్న వేళ్ళు ఆగాయి. ఈ సంగతి ఎక్కడ విన్నాడో!

తల ఎత్తితే, ఆయన ఆవిడ నోటివంకే చూస్తున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

“రోజుకో మాట చెబుతున్నారు. కట్టుకథలు చాలు. ఇంక రాకండి.”

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

ఐదోరోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ వెళ్ళేసరికే మంచం మీద దుప్పటి మార్చేశారు.

ఏడుపు రాలేదు. నర్సు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

“ఆఖర్న ఏమైనా అన్నారా?”

“ఆపరేషన్లో గొంతు తీసేశారు కదండీ. నాలుగు నెలలుగా ఆయన మాట ఎవరమూ వినలేదు.”

“అనుకున్నాను. ఎవరో పెద్దాయన వచ్చి అవి అన్నారు, ఇవి అన్నారు అని ఒకటే కథలు.”

“పక్కమంచం ఆయనా? మొన్ననే డిశ్చార్జి అయి వెళ్ళిపోయారు. మీ నాన్నగారు పెదాలు కదిపేవారు, మాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఆయనొక్కరికే తెలిసేది.”

“ఆయనకెలా తెలుస్తుంది?”

నర్సు కాగితాలు సర్దుతూ చెప్పింది. “నలభయ్యేళ్ళు మిల్లులో మగ్గాల మోత మధ్య పనిచేసి రెండు చెవులూ పోయాయండీ ఆయనకి. మొహం చూస్తూ మాట్లాడితే చాలు, పెదాలు చూసి పొల్లుపోకుండా చెప్పేసేవారు.”