ఎడమ మోకాలు

దేశపు ఆడవాళ్ల హాకీ జట్టుకు కాళ్లూ కీళ్లూ చూసుకోవడం నా ఉద్యోగం. మా కెప్టెన్‌కు నొప్పి ఎడమ మోకాలిలో. నేను మాత్రం నాలుగేళ్లుగా కుడి మోకాలికే టేపు చుడుతున్నాను. మతిలేక కాదు. టేపు కనిపించిన కాలి మీదికే అవతలి జట్టు స్టిక్కులు ఎక్కువగా వస్తాయి. ఈ కిటుకు ఆమెదే. తెలిసింది మా ఇద్దరికే.

ఫైనల్ రోజున బెంచీ మీద కాళ్లు చాపి కూర్చుంది. అలవాటుగా కుడి మోకాలు పట్టుకున్నాను.

"అది వదిలెయ్ బాబాయ్. ఎడమదానికి చుట్టు."

"పిచ్చా తల్లీ? పది నిమిషాల్లో విరగ్గొట్టి నీ చేతిలో పెడతారు."

"పెట్టరులే. గట్టిగా చుట్టు."

"నాలుగేళ్లుగా దానికి టేపు మొహం చూపించలేదు. అలిగి కూర్చుందేమో!"

నా జోకులకు నవ్వకపోయినా తిట్టేది. ఈసారి తిట్టలేదు. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది. చెయ్యి వేయగానే పళ్లు బిగబట్టింది.

"దీంతో ఎట్లా ఆడతావే?"

"ఆడట్లేదు. ఇక ఎప్పుడూ ఆడను. పొద్దున్నే కోచ్‌కి చెప్పేశాను."

నా చేతిలో టేపు ఆగిపోయింది.

"మరి ఇదెందుకమ్మా?"

"మైదానం మధ్యకెళ్లి కొత్త కెప్టెన్ చేతికి నా కెప్టెన్సీ పట్టీ కట్టాలి. ఆ పిల్ల అసలే బెదిరిపోయి ఉంది, నా నడకే చూస్తుంటుంది. అక్కడిదాకా కుంటకుండా వెళ్తే చాలు బాబాయ్. తిరిగొచ్చేటప్పుడు ఇక నన్నెవరూ చూడరు."