పట్టీ లేని పరీక్ష

“పాపం, పిల్ల పూసలదండ తెగిపోయిందిరా. కుళాయి కింద ఏరుకుంటోంది,” అంది అమ్మ.

చిత్రకారుడు తల పట్టుకున్నాడు. అవి పూసలు కావు, రోగక్రిములు. ఆ పిల్ల ఏరుకోవడం లేదు, చేతులు కడుక్కుంటోంది. క్రిములను అంత గుండ్రంగా, అంత అందంగా గీయడానికి అతనికి ఎన్నో సాయంత్రాలు పట్టాయి.

అక్షరం రానివారికి ఆరోగ్యాన్ని బొమ్మలతో బోధించడం అతని వృత్తి. చదువు లేనివారెవరైనా బొమ్మ చూసి భావం చెప్పగలిగితేనే దాన్ని అచ్చుకు పంపాలని ఆరోగ్యశాఖ నియమం. చూపించేటప్పుడు బొమ్మ కింది వాక్యాన్ని కాగితం పట్టీతో కప్పాలన్నది ఉపనియమం. ఈ శాస్త్రోక్తమైన తంతుకు సర్వోన్నత న్యాయస్థానం పక్కగదిలో కుట్టుమిషను ముందు కొలువుదీరిన అమ్మే. ఆ న్యాయస్థానం మీద అప్పీలు లేదు. దానికి అక్షరజ్ఞానం లేదన్నది జగద్విదితం గనుక, పట్టీ అనే లాంఛనాన్ని అతను ఏనాడో రద్దు చేశాడు.

ఓడినవాడికి మిగిలే ఆఖరి హక్కును మాత్రం వదులుకోలేదు. వాక్యం కింద వేలు పెట్టి, మాట మాటా వినిపించాడు.

“తినే ముందు, చేతులు, కడుక్కోండి. ఇదమ్మా నేను చెప్పింది!”

“ఏదీ, ఇంకోసారి చదువు.”

ప్రతి ఓటమి తర్వాతా ఆవిడ ఇలాగే అడిగేది. కొడుకు నొచ్చుకోకూడదని అలా అంటుందని అతను మురిసిపోయేవాడు. మళ్ళీ చదివాడు. అమ్మ ఆ బొమ్మనూ తీసుకుపోయి, మిషను ఎదురుగా పెచ్చులూడిన గోడకు అతికించింది. మూత పెట్టిన నీళ్ళబిందె, దోమతెర, టీకా వేయించుకునే చంటిది, ఏళ్ళ తరబడి ఓడిన బొమ్మలన్నీ ఆ గోడమీదే వరుసగా కొలువున్నాయి. గోడ పెచ్చులు మాత్రం ఎవరికీ కనబడేవి కావు.

ఆ వారంలోనే ప్రచార విభాగం మేడమ్ స్వయంగా దయచేసింది.

“క్షయ మందు సంగతి వినే ఉంటారు. నెలల తరబడి వాడాల్సిన మాత్రల్ని, కాస్త తగ్గగానే పారేస్తున్నారు. మళ్ళీ మంచం పట్టి వస్తున్నారు. దానికో బొమ్మ గీయండి. ఇదే ఆఖరు అవకాశం.”

“ఆఖరంటే?”

“ఇదీ అర్థం కాకపోతే బొమ్మలు మానేసి కరపత్రాలు వేయిస్తారట. పైవాళ్ళకి ఓపిక పోయింది.”

“కరపత్రాలు చదవలేకే కదండీ వాళ్ళు మాత్రలు పారేస్తోంది!”

“ఆ మాట మీ బొమ్మతోనే చెప్పించండి. పరీక్ష నా ఎదురుగానే జరగాలి.”

పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

చిత్రకారుడు తపస్సుకు కూర్చున్నాడు. ఈసారి ప్రశ్నపత్రాన్ని దాచినట్టు బొమ్మను అమ్మ కంట పడనివ్వలేదు, మాట కూడా పొక్కనివ్వలేదు. దగ్గుతూ మంచం మీద ఒకడు. వాడే దిట్టంగా సైకిలు మీద. వాడే మాత్ర మింగుతూ. చివర ఖాళీ అయిన మాత్రల అట్ట. అంతటి మహాకావ్యానికి అడుగున ఒక వాక్యం.

పరీక్షరోజు మేడమ్ కుర్చీలో కూర్చుని కనుబొమలు ముడిచింది.

“పట్టీ ఏదండీ?”

“మా అమ్మకి పట్టీ ఎందుకు మేడమ్? ఆవిడకి అక్షరాలైనా చీమలబారైనా ఒకటే.”

అమ్మ నవ్వింది. సూది బెజ్జం ఆనడం లేదని కిందటేడు పట్టుబట్టి చేయించుకున్న కళ్ళజోడు తగిలించుకుంది. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. పెదవులు మెల్లగా కదిలాయి. కొడుకు కొలువు నిలబెట్టమని ఏ దేవుడికో మొక్కుకుంటోంది కాబోలనుకున్నాడతను.

“ఏం అర్థమైందమ్మగారూ?” అంది మేడమ్.

అమ్మ గొంతు సవరించుకుంది.

“తగ్గిందని మందు ఆపకూడదు. చివరి మాత్ర దాకా వాడాలి.”

బొమ్మ కింద తను రాసిన వాక్యం కూడా భావాన్ని ఇంతకంటే చక్కగా చెప్పలేదని చిత్రకారుడికి అనిపించింది.

“శభాష్!” అంది మేడమ్ లేస్తూ. “ఇక కరపత్రాల మాటెత్తమనండి చూద్దాం. రేపే అచ్చుకి పంపించండి.”

ఆవిడ అటు వెళ్ళగానే అతను అమ్మ భుజాలు పట్టి ఊపేశాడు.

“గెలిచామమ్మా! ఇన్నేళ్ళకి నా బొమ్మ మాట్లాడింది! ఏది చూసి పట్టేశావు? సైకిలా? ఖాళీ అట్టా?”

అమ్మ నిటారుగా కూర్చుని ఉంది. పట్టాభిషేకం అయినవాళ్ళే అలా కూర్చోగలరు. కళ్ళల్లో నీళ్ళు, మూతిమీద నవ్వు, రెండూ ఆవిడ స్వాధీనంలో లేవు.

“అచ్చుకి ఇంకా వెళ్ళలేదు కదా?”

“రేపు పంపుతా. ఏం?”

“ఆ సైకిలువాణ్ని కాస్త సరిచెయ్యి. మాత్రలు అమ్ముకునేవాడిలా ఉన్నాడు.”

“అదేంటి! అర్థం ఇందాక నువ్వే కదా గడగడా చెప్పేశావు?”

అమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆ చేతి వేలిని సైకిలు మీంచి, మాత్రల అట్ట మీంచి కిందికి జరిపి, బొమ్మ అడుగున ఆపింది.

“ఇది చదివాను నాన్నా.”