మ్యూట్‌లో గోల్కొండ

“సౌండు బంద్ చెయ్యి! బాపు లేస్తడు,” అంటూ రమ కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కోబోయింది.

సహస్ర ఫోన్‌ను వీపు వెనక దాచుకుంది. “ఇంక షురూనే కాలేదమ్మా. రాని సౌండు ఎట్ల బంద్ చెయ్యాలె?”

ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు గానీ, అంతా గుసగుసల్లోనే. అదే గదిలో ఫ్యాను కింద, తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పుకుని సహస్ర తండ్రి ఎల్లేశం పడుకున్నాడు. ఈ వారమంతా అతనికి బొగ్గుబావిలో నైట్ షిఫ్టు. లాక్‌డౌన్‌లో గోదావరిఖని అంతా మూతపడినా బావి మాత్రం మూతపడలేదు. పొద్దున వచ్చి పడుకున్నాడంటే మధ్యాహ్నం మూడింటి దాకా ఆ క్వార్టర్‌లో చెంచా కూడా కింద పడకూడదు. కుక్కర్ కూత వేస్తుందని రమ పప్పును గిన్నెలోనే ఉడికిస్తుంది. పక్కింటి సదయ్య కూడా టీవీ సౌండు సగానికి తగ్గించుకుంటాడు.

“వంటింట్లకు పోయి చూసుకోరాదు?”

“అక్కడ సిగ్నల్ ఏడ ఉంది? ఈ కిటికీ కాడ్నే, బాపు తలాపునే వస్తది.”

“ఇయర్‌ఫోన్ పెట్టుకో మరి.”

“వైరు తెగి పది రోజులాయె. కరోనా వచ్చిందని గల్లీకి అడ్డం కట్టెలు కట్టిండ్రు. ఏడికెల్లి తెచ్చుకోవాలె?”

రమ కళ్ళు పెద్దవి చేసింది.

సహస్ర ఫోన్‌తో కిటికీ కిందే చతికిలబడింది. ప్రతి ఎండాకాలం రెండు రోజులు హైదరాబాద్ పోయేవాళ్ళు. రెండేళ్ళుగా ఆ రైలే ఎక్కలేదు. చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్ళు కొందరు అక్కడ కలిసి, ఇళ్ళలో చిక్కుకుపోయిన పిల్లల కోసం ఫోన్‌లో హైదరాబాద్ చూపించే ‘ఇంట్లోంచే పట్నం’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. రోజూ పదకొండింటికి జగదీశ్వర్ అనే గైడు, తాను ముందే తీసిపెట్టుకున్న వీడియోలు చూపిస్తూ లైవ్‌లో మాట్లాడతాడు. ఆరు రోజులే. తర్వాత మళ్ళీ దొరకదు. అయిదు రోజులూ సహస్ర సౌండు లేకుండానే చూసింది. మ్యూజియంలో పాత గడియారం గంట కొడుతుంటే జనమంతా చెవులు రిక్కించి నిలబడ్డారు. సహస్రకు మాత్రం ఒక చిన్న బొమ్మ సుత్తి ఊపడం కనిపించింది. అంతే.

ఇవాళ ఆఖరి రోజు. గోల్కొండ.

“అమ్మా, ఇయ్యాల కింద దర్వాజ కాడ చప్పట్లు కొడితే పైన గుట్ట మీద ఇనబడతయట. అది చూపిస్తడు. సౌండే లేకపోతే నేనేం చూడాలె? చేతులా?”

“మీ బాపుకు నిద్ర చాలక బాయిల కునుకు వడితే ఏమైతదో ఎరికేనా నీకు? పైకప్పు ఎప్పుడు ఊడుతదో చూసుకుంట చేసే పని అది.”

“ఎరికే. ఎరికై అయిదు రోజులు నోరు మూసుకున్న.” సహస్ర ఒక్కో వేలూ మడుస్తూ లెక్కపెట్టింది. “బడి బందాయె. దోస్తులు బందాయె. పట్నం బందాయె. ఆఖరికి ఫోన్ల కనబడే పట్నం గూడ మూగదాయె. అన్నిటికి నేనే ఊకోవాల్నా?”

“మెల్లగ మాట్లాడు!”

“మెల్లగనే గద అమ్మా ఏడుస్తున్న!”

పదకొండయింది. తెర మీద జగదీశ్వర్ వచ్చాడు. ముందే తీసిన వీడియోలో కోట గుమ్మం కింద నిలబడి, నవ్వుతూ ఏదో చెప్పాడు. రమ కూతురి పక్కనే కాపలా కూర్చుంది, వేలు వాల్యూమ్ బటన్ దగ్గర పెట్టుకుని మరీ.

జగదీశ్వర్ రెండు చేతులూ పైకెత్తాడు. కొట్టాడు. తెర కింద పిల్లల మెసేజీలు గబగబా పైకి పాకాయి. ‘వినబడింది!’ ‘సార్, పైన వినబడింది!’ ‘సూపర్!’ నిజామాబాద్ పిల్లకు వినబడింది. ఖమ్మం పిల్లవాడికి వినబడింది. సహస్ర ఆ మెసేజీలన్నీ చదివింది. ఊరూరా ఉన్న పిల్లలందరి చెవుల్లో మోగిన చప్పుడును తాను ఒక్కతే చదువుకుంటున్నట్టు అనిపించింది.

జగదీశ్వర్ ఒక వేలు చూపించాడు. ఇంకొక్కసారి.

సహస్ర తల్లి వేలిని పక్కకు నెట్టేసింది. బటన్ నొక్కింది. పూర్తిగా నొక్కింది.

చప్పట్ల మోతతో గది అదిరింది. ఆ వెంటనే పైన గుట్ట మీద పెట్టిన మైకులోంచి, సన్నగా, స్పష్టంగా, అదే చప్పుడు మళ్ళీ వినిపించింది. సహస్ర ఊపిరి బిగబట్టింది.

మంచం కిర్రుమంది. దుప్పటి ఎగిరి కింద పడింది. ఎల్లేశం లేచి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

రమ గబుక్కున ఇద్దరి మధ్యకూ వచ్చింది. “చిన్న పిల్ల, తెల్వక చేసింది. ఏమనకు.”

“నువ్వు జరుగు.” అతని గొంతు బొంగురుగా ఉంది. “ఎన్ని దినాలు ఓపిక వట్టాలె నేను? వారం సంది గిదే కథ. బాయిల దిగినా గిదే ఫికర్. ఇంట్ల మనిషి ఉన్నడన్న సోయి ఉందా మీకు?”

“తప్పయింది బాపూ, బంద్ చేస్త,” అంటూ సహస్ర వాల్యూమ్ తగ్గించబోయింది.

ఎల్లేశం ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

“మల్ల బంద్ చేస్తవా? అయిదు దినాల సంది దుప్పటి సందులకెల్లి దొంగ లెక్క చూస్తున్న. ఆ పిలగాడు నోరు కదుపుడే గని, ఒక్క ముక్కన్న ఇననిస్తివా నన్ను?”