ఊపు ఎవరిది?

మొదటి గేమ్ పళ్ల డాక్టరుది. రెండోది దర్జీ ఎలాగో లాక్కొచ్చాడు. ఆఖరిదైన మూడో గేములో మళ్లీ డాక్టరుదే ఊపు.

దర్జీకి ఒళ్లు మండిపోతోంది. క్లబ్బు టేబుల్ టెన్నిస్ ఫైనల్లో డాక్టరు చేతిలో ఓడటం మూడేళ్లుగా ఆనవాయితీ అయిపోయింది. చెయ్యి బిగుసుకుపోయి, కొట్టిన ప్రతి బంతీ నెట్టులోకే పోతోంది.

ఈసారీ ఓడితే ఏమవుతుందో పొద్దున్నే భార్య చెప్పేసింది.

“మళ్లీ మూతి ముడుచుకుని ఇంటికొస్తే ఆ బ్యాటు నేనే అటకెక్కిస్తా. ఇక ఆదివారాలు కూడా కుట్టుమిషనే.”

“చూడ్డానికి వస్తావా?”

“నాకేం పనిలేదా?”

ఒకటి–ఐదు. ఆఖరి గేములో ఎవరికైనా ఐదు రాగానే వైపులు మారాలి. దర్జీ కిటికీ వైపుకొచ్చి మొహం తుడుచుకుంటుంటే, మంచినీళ్లందించే ఆవిడ ఓ చీటీ చేతిలో పెట్టింది.

“ఎవరిచ్చారమ్మా?”

“వెనక వరసలో ఆవిడండీ. మీకే.”

విప్పాడు. ‘ఈ ఆట మీదే. నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.’

తలెత్తి చూస్తే వెనక వరసలో నిజంగానే భార్య. రానన్న మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పాతికేళ్ల కాపురంలో ఆవిడ రాసిన మొదటి ఉత్తరం. దర్జీ మనసు పొంగిపోయింది. చీటీ జేబులో దాచుకున్నాడు.

ఆ తర్వాత భుజం తేలికపడింది. ఒక పాయింటు. ఇంకోటి. డాక్టరు తేలికైన బంతిని బయటికి కొట్టి, తన బ్యాటు వంక అనుమానంగా చూసుకున్నాడు. దర్జీకి అర్థమైపోయింది. ఊపు బల్ల దాటి ఇటొచ్చేసింది. ఐదు–ఐదు. చప్పట్లు కూడా ఇటే తిరిగాయి. డాక్టరు చెమట తుడుచుకున్నాడు, లేసులు విప్పి మళ్లీ కట్టుకున్నాడు, కావాలని ఆలస్యం చేశాడు. ఏం చేసినా పోయిన ఊపు రాలేదు.

పదకొండు–ఏడు.

దర్జీ కప్పు పట్టుకుని తిన్నగా భార్య దగ్గరికెళ్లాడు.

“అంతా నీవల్లే” అన్నాడు, కప్పు ఆవిడ చేతిలో పెడుతూ.

“మరేమనుకున్నారు?” అందావిడ.

బయట కారు తలుపు తీస్తున్న డాక్టరుని ఆయన భార్య నిలదీసింది: “మూడో గేమ్ మొదలవగానే, ఆట మీదేనని చీటీ రాసి కిటికీ వైపున్నాయనకి ఇమ్మని పంపించానే, ఒక్కసారైనా నా వైపు చూడలేదేమండీ?”